కిటికీ ఎందుకు తీయలేదు అని అడిగే ముందు

బెంగళూరులో చలి మొదలైందంటే పేపర్లో ఒక వార్త దాదాపు ఏటా కనిపిస్తుంది. బాత్రూంలో గ్యాస్ గీజర్, లోపల స్పృహ లేకుండా పడిపోయిన మనిషి, తలుపు పగలగొట్టిన ఇంటివాళ్ళు. ఒక్కోసారి బతుకుతారు, ఒక్కోసారి బతకరు. చివర్లో పోలీసుల మాటగా ఒక వాక్యం ఉంటుంది, బాత్రూంలోకి గాలి వచ్చే ఏర్పాటు సరిగా లేదని. చదివేవాళ్ళకి కేసు అక్కడితో తేలిపోతుంది. కిటికీ తీసుకుని ఉండాల్సింది, పాపం, అనుకుని పేజీ తిప్పేస్తాం.

నా పేచీ అంతా ఆ "ఉండాల్సింది" మీదే. కిటికీ తీయడం మంచిదే, కాదనను. కానీ కిటికీ రెక్క ఒకటి మూసుకుంటే మనిషి పోయే వస్తువుని తయారుచేసి, అట్టపెట్టెలో పెట్టి, నాలుగైదు వేలకి అమ్మినవాళ్ళు ఉన్నారు కదా. ఆ వార్తలో వాళ్ళ ఊసే ఉండదు. పోయినవాడి తప్పు, లేదా ఇంటి ఓనరు తప్పు, మరీ వెతికితే ప్లంబర్ తప్పు. తయారీదారు దాకా మన వేలు ఎందుకో వెళ్ళదు.

మొన్నటి చలికాలంలో ఇది మా బిల్డింగ్‌లోనే జరిగింది. హొరమావులో మేముండే అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్ళం ఎక్కువే. హిందూపురం, మదనపల్లె, కడప వైపు నుంచి వచ్చి స్థిరపడిన మాలాంటివాళ్ళు, ఐటీ ఉద్యోగాలకి కోస్తా నుంచి వచ్చిన పిల్లలు. మూడో అంతస్తులో ఇద్దరమ్మాయిలు అద్దెకుంటారు. ఒకమ్మాయి తలస్నానానికి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు ఆగకపోయేసరికి రెండో అమ్మాయికి అనుమానం వచ్చింది. పిలిస్తే పలకలేదు. వాచ్‌మన్ వచ్చి గడియ ఊడగొట్టాడు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, పిల్ల కోలుకుంది. ఆ తర్వాత వాట్సాప్ గ్రూపులో పంచాయితీ మొదలైంది.

"ఈ కాలం పిల్లలకి గంటగంట స్నానాలు కావాలండీ" అని ఒకరు. "వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టారంట, వాళ్ళే కొనితెచ్చుకున్నారు" అని ఇంకొకరు. అట్ట పెట్టిన మాట నిజమే. ఎందుకు పెట్టారో కూడా చూడాలి కదా. పక్క బిల్డింగ్ కిటికీ మా గోడకి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. ఆడపిల్లలు స్నానం చేసే గది. ఈ ఊళ్ళో ముప్ఫై బై నలభై అడుగుల సైట్లలో లేచిన ఏ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళి చూసినా బాత్రూం వెంటిలేటర్‌కి ఏదో ఒక అడ్డు ఉంటుంది. అట్ట, న్యూస్ పేపర్, పాత ఫ్లెక్సీ ముక్క. ఓనరు గారు రంగంలోకి దిగి, "నేను ముందే చెప్పానమ్మా కిటికీ తీసి పెట్టుకోమని" అని మెసేజ్ పెట్టారు. ప్లంబర్‌ని అడిగితే, "సార్, ఎక్కడ బిగించమంటే అక్కడ బిగించినాను, నాదేముంది" అన్నాడు. అతను అన్నదీ అబద్ధం కాదు. రెండో అంతస్తు అంకుల్ వేసిన ముగింపు వాక్యం మాత్రం నాకు బాగా గుర్తుండిపోయింది: "మేమూ అదే కంపెనీది ఎప్పట్నుంచో వాడుతున్నాం, మాకేం కాలేదే!"

ఆయనకి ఎందుకు ఏమీ కాలేదో చెప్పాలంటే కాస్త లెక్క వేయాలి. ఓపిక పట్టండి.

కరెంటు గీజర్ సాధారణంగా రెండు మూడు కిలోవాట్లది. నీళ్ళని నిల్వ పెట్టి నెమ్మదిగా కాస్తుంది. గ్యాస్ గీజర్‌కి నిల్వ ఉండదు, కుళాయి తిప్పిన మరుక్షణం వేడినీళ్ళు రావాలి. నిమిషానికి ఆరు లీటర్ల నీళ్ళని పాతిక డిగ్రీలు వేడెక్కించాలంటే పది కిలోవాట్ల పైన శక్తి కావాలి. అంటే పూర్తి మంట మీద గంటకి ముప్పావు కిలో నుంచి కిలో దాకా ఎల్పీజీ కాలుతుంది. వంటింటి స్టవ్వు బర్నర్లు నాలుగైదు ఒకేసారి పెద్ద మంట మీద పెట్టుకుని, ఆ గదిలో తలుపేసుకుని కూర్చున్నట్టే. ఒక కిలో ఎల్పీజీ శుభ్రంగా కాలాలంటే దాదాపు 15 కిలోల గాలి కావాలి. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తు ఉన్న బాత్రూంలో ఉండే గాలి మొత్తం పది పదకొండు కిలోలు. గాలి ఎటూ కదలని గదిలో పూర్తి మంట మీద పెడితే, పది నిమిషాలు తిరక్కుండానే ఆక్సిజన్ 21 శాతం నుంచి 18కి పడిపోతుంది. అప్పటిదాకా నీలంగా కాలిన మంట అక్కడి నుంచి సరిగా కాలదు. సరిగా కాలని మంట కార్బన్ మోనాక్సైడ్‌ని వదులుతుంది.

ఆ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ లీకైతే మనకి వాసన వచ్చేలా గ్యాస్‌లో ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. ఆ జాగ్రత్త మంట దాకానే పనికొస్తుంది. మంటలో అదీ కాలిపోతుంది, తర్వాత పుట్టే విషానికి వాసన ఉండదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా కార్బన్ మోనాక్సైడ్‌ని రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల బరువెక్కినట్టు, కళ్ళు తిరిగినట్టు ఉంటుంది. వేడినీళ్ళ ఆవిరికి అలా ఉందేమో అనుకుంటాం. లేచి తలుపు తీయాలన్న ఆలోచన వచ్చేసరికి కాళ్ళు సహకరించవు.

ఇప్పుడు అంకుల్ గారి సంగతి. ఆయన బాత్రూం మూల ఫ్లాట్‌ది, వెంటిలేటర్ రోడ్డు వైపు ఉంటుంది. ఆయన బకెట్ నింపుకుని గీజర్ కట్టేసి స్నానం చేస్తారు. ఆ అమ్మాయి షవర్ కింద నిలబడి తలస్నానం చేసింది. ఇద్దరి గీజరూ ఒకటే, ఇద్దరూ దాన్ని మామూలుగానే వాడారు. చాలా మోడళ్ళలో ఇరవై నిమిషాలకి దానంతటదే ఆగిపోయే టైమర్ ఉంటుంది. అది భద్రత కోసమే పెట్టాం అంటారు. పైన వేసిన లెక్కకి పక్కన ఆ ఇరవైని పెట్టి చూడండి. పైగా కుళాయి కట్టి మళ్ళీ తిప్పితే మంట మళ్ళీ వెలుగుతుంది.

నా వృత్తి గురించి ఇక్కడ చెప్పుకోవాలి. బెంగళూరు పారిశ్రామిక వాడ పీణ్యలో బండ్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో నేను క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. మేము పంపిన పార్టులో తేడా వస్తే కస్టమర్ కంపెనీ ఎయిట్-డీ రిపోర్టు అడుగుతుంది, అంటే లోపానికి మూలకారణం వెతికి రాసే రిపోర్టు. తేడా ఎందుకొచ్చింది, ఆ ఎందుకు వెనక ఎందుకు, దాని వెనక ఇంకో ఎందుకు. మా వాడుకలో వై-వై. ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన ఏ కుర్రాడైనా మొదటి రిపోర్టులో రాసేది ఒకటే, ఆపరేటర్ అజాగ్రత్త, శిక్షణ ఇచ్చాం. ఆ రిపోర్టు సాయంత్రంలోగా వెనక్కి వస్తుంది. ఆపరేటర్ పార్టుని తిరగేసి బిగించాడు సరే, తిరగేసినా బిగుసుకునేలా మీ ఫిక్స్చర్ (పార్టుని పట్టి ఉంచే అచ్చు) ఎందుకుంది అని అడుగుతారు. అప్పుడు ఫిక్స్చర్‌కి ఒక పిన్ను పెడతాం. తిరగేస్తే పార్టు కూర్చోదు. ఆ తర్వాత ఆపరేటర్ నైట్ షిఫ్టులో నిద్రమత్తులో ఉన్నా ఆ తప్పు జరగదు. జీతం తీసుకుని, శిక్షణ పొంది, సూపర్‌వైజర్ కళ్ళ ముందు పనిచేసే మనిషి పొరపాటునే మా పరిశ్రమ కారణంగా ఒప్పుకోదు.

అదే పరిశ్రమ సరుకు డబ్బాలో పెట్టి ఇంటికి పంపాక ఒక్కసారిగా మాట మారుస్తుంది. అక్కడ శిక్షణ లేని, మాన్యువల్ చూడని, చలికి వణుకుతూ కళ్ళలో షాంపూ పడిన మనిషి చేసిన పని "యూజర్ ఎర్రర్" అయిపోతుంది. ఫ్యాక్టరీలో చెల్లని సాకు బాత్రూంలో ఎలా చెల్లుతుందో ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

మాన్యువల్లో రాశాం కదా అంటారు. నేను మూడో అంతస్తుకి వెళ్ళి చూశాను. గీజర్ పక్కన ఒక స్టిక్కర్ ఉంది. గాలి బాగా ఆడే చోట బిగించాలి అని ఇంగ్లిషులో, గోరంత అక్షరాల్లో. ఆ స్టిక్కర్ గోడ వైపు ఉంది. ప్లంబర్ అలా బిగించాడు, ఎందుకంటే పైపుల అమరిక అలాగే కుదురుతుంది. ఈ ఊళ్ళో తమ గీజర్ ఎక్కడ బిగిస్తారో కంపెనీకి తెలియదా? డీలర్ షాపులో డెమో పీసు పక్కన గోడకి అంటించిన పోస్టర్‌లోనే షవర్ కింద నవ్వుతున్న అమ్మాయి, తల పైన గీజర్. బిగించకూడని చోట బిగించి చూపించేది వాళ్ళ ప్రకటనే!

చట్టం ఏమంటుందో చూద్దాం. ఈ సంగతి చాలామందికి తెలియదు కాబట్టి కాస్త ఆగి చెబుతాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమల్లోకి వచ్చింది. అందులో ఆరో అధ్యాయం మొత్తం ప్రొడక్ట్ లయబిలిటీ గురించే, అంటే వస్తువు వల్ల జరిగిన హానికి ఎవరు బాధ్యులన్న దాని గురించే. 84వ సెక్షన్ ప్రకారం తయారీలో లోపం ఉన్నా, డిజైన్‌లోనే లోపం ఉన్నా, హాని జరగకుండా ఎలా వాడాలో తగిన సూచనలు, తప్పుగా వాడితే ఏమవుతుందో హెచ్చరికలు లేకపోయినా తయారీదారు బాధ్యుడు. డిజైన్ లోపం అనేది విడిగా రాసి ఉండటం చాలా పెద్ద విషయం. వెయ్యి గీజర్లు డ్రాయింగ్ ప్రకారం అచ్చంగా తయారై ఉండొచ్చు, క్వాలిటీ వాళ్ళు వెయ్యింటికీ ముద్ర వేసి ఉండొచ్చు. ఆ డ్రాయింగే తప్పయితే వెయ్యీ తప్పే. ఇంకో సంగతి, వేరేవాళ్ళు తయారుచేసిన దాని మీద తన బ్రాండు ముద్ర వేసుకున్నవాడు కూడా ఈ చట్టం దృష్టిలో తయారీదారే. ఎక్కడి నుంచో విడిభాగాలు తెప్పించి ఇక్కడ బిగించి, స్టిక్కర్ అంటించి అమ్మేవాళ్ళు "మేం చేయలేదు" అని తప్పుకోలేరు.

అయితే వస్తువుని దుర్వినియోగం చేస్తే దావా వేయలేరు కదా అని మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారు అడ్డుపడ్డారు. ఆయన రిటైర్డ్ బ్యాంకు మేనేజరు, చట్టం పీడీఎఫ్ దించుకుని మరీ వచ్చారు. ఆయన చెప్పిన మాట 87వ సెక్షన్‌లో ఉంది. వస్తువుని దుర్వినియోగం చేసి ఉంటే, మార్చి ఉంటే ఆ దావా చెల్లదని. కాకపోతే ఆ ఉపసెక్షన్ రాసింది అమ్మినవాడి గురించి. షాపువాడికి ఇచ్చిన మినహాయింపు అది. తయారీదారు గురించి చెప్పిన చోట మినహాయింపులు వేరే ఉన్నాయి, అందరికీ తెలిసిన, కంటికి కనిపించే ప్రమాదం గురించి హెచ్చరించనక్కర్లేదు అన్నది వాటిలో ఒకటి. కత్తి తెగుతుంది అని కత్తి మీద రాయక్కర్లేదు. కార్బన్ మోనాక్సైడ్ కంటికి కనిపించే ప్రమాదమా? ఈ మాట అడిగితే ప్రెసిడెంటు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వాదనలో ఆయన కొద్దిగా తగ్గిన సందర్భం నేను చూసింది అదొక్కటే.

ఆ గీజర్ కొన్నది ఓనరు, వాడింది అద్దెకున్న పిల్ల. కొననివాళ్ళకి హక్కేముంటుంది అన్నది ఆయన తర్వాతి ప్రశ్న. ఈ ప్రశ్నకి దాదాపు వందేళ్ళ క్రితమే ఒక స్కాట్లండ్ కేసులో జవాబు దొరికింది. 1928లో పెయిస్లీ ఊళ్ళో ఒకావిడకి స్నేహితురాలు జింజర్ బీర్ కొనిపెట్టింది. లోపల ఏముందో కనిపించని సీసా. సగం తాగాక కుళ్ళిన నత్త బయటపడిందని ఆవిడ దావా వేసింది. డబ్బు కట్టింది ఆవిడ కాదు, కంపెనీతో ఆవిడకి ఏ ఒప్పందమూ లేదు. అయినా తన సరుకు చివరికి ఎవరి నోట్లోకి వెళ్తుందో ఆలోచించాల్సిన బాధ్యత తయారీదారుకి ఉందని 1932లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. డొనహ్యూ వర్సెస్ స్టీవెన్సన్ అని లా చదివిన పిల్లలెవరిని అడిగినా చెబుతారు. మన చట్టంలోనూ కొన్నవాడి అనుమతితో వాడేవాళ్ళు వినియోగదారులే.

వాడేవాళ్ళకి ఎంత తెలిసి ఉండాలి అన్న దాని మీద మన సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో మంచి తీర్పు ఇచ్చింది. హ్యుందాయ్ క్రెటా కారు ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. అవి తెరుచుకోవాలంటే ముందు వైపు నుంచి తగినంత బలంగా దెబ్బ తగలాలి, అంత బలంగా తగల్లేదు అన్నది కంపెనీ వాదన. గుద్దుకున్న వేగాన్ని, బలాన్ని లెక్కకట్టే భౌతికశాస్త్ర నిపుణుడిగా వినియోగదారుడు ఉండాలని ఆశించలేం అని కోర్టు ఆ వాదనని తోసిపుచ్చింది. నేను పైన వేసిన గాలి లెక్క ఉంది చూశారా, అది నేను తీరిగ్గా కుర్చీలో కూర్చుని కాలిక్యులేటర్‌తో వేశాను. దాన్ని పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళే మనిషి వేసుకోవాలనడం న్యాయం కాదు. వేయాల్సింది గీజర్‌ని డిజైన్ చేసే ఇంజినీరు. అతనికి జీతం ఇచ్చేది దానికే.

ఆ లెక్క వేసిన దేశాలు ఉన్నాయి. పొగగొట్టం లేకుండా పొగని గదిలోకే వదిలే స్నానాల గ్యాస్ హీటర్ల తయారీని చైనా 1999లో ఆపేసింది, మరుసటి ఏడాది అమ్మకాన్నీ నిషేధించింది. కిటికీలు తీసుకోండి అని ఊరూరా బోర్డులు పెట్టి ఊరుకోలేదు. గదిలో ఆక్సిజన్ తగ్గగానే గ్యాస్‌ని కట్టేసే చిన్న పరికరం కూడా కొత్తదేం కాదు. పొగగొట్టం లేని గ్యాస్ రూమ్ హీటర్లలో అమెరికాలో 1980ల నుంచీ అది ఉంటోంది. మా ఫిక్స్చర్‌లో పిన్ను చేసే పనే అది చేస్తుంది. మన దగ్గర కూడా ఎల్పీజీతో నడిచే చిన్న వాటర్ హీటర్లకి ఐఎస్ 15558 అనే ప్రమాణం ఉంది. గీజర్ కొనేటప్పుడు ఆ నంబరు, ఐఎస్ఐ గుర్తు ఉన్నాయా అని చూసేవాళ్ళు ఎంతమంది? బెంగళూరు ఎస్పీ రోడ్డు బజారులో అడిగితే షాపతను నన్ను ఇన్‌స్పెక్టర్ అనుకుని టీ తెప్పించాడు.

తప్పు ఎవరిదో తేల్చే తొందరలో మనం ఎక్కడ ఆగిపోతామో చెప్పడానికి గీజర్ కన్నా ఘోరమైన ఉదాహరణ ఒకటి ఈమధ్యే జరిగింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో దగ్గుమందు తాగిన పసిపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఇరవై మందికి పైనే. ఆ మందు కోల్డ్రిఫ్. తయారైంది మనకి దగ్గర్లోనే, చెన్నై పక్కన కాంచీపురం జిల్లా సుంగువార్‌చత్రంలో. తమిళనాడు అధికారులు పరీక్షిస్తే అందులో డైఎథిలిన్ గ్లైకాల్ అనే విష రసాయనం 48.6 శాతం ఉంది. ఉండదగ్గ పరిమితి 0.1 శాతం. మొదట అరెస్టయింది ఎవరు? మందు రాసిన డాక్టరు. కంపెనీ యజమానిని చెన్నైలో పట్టుకున్నది ఆ తర్వాత.

డాక్టర్ని నేను వెనకేసుకురావడం లేదు. ఈ రకం మందుల కాంబినేషన్ నాలుగేళ్ళలోపు పిల్లలకి వాడకూడదని, ఆ సంగతి లేబుల్ మీద రాయాలని కేంద్ర ఔషధ నియంత్రణ అధికారి 2023 డిసెంబరులోనే ఆదేశించారు. ఆ లెక్కన ఆయన్ని అడగాల్సినవి ఉన్నాయి. కానీ ఆయన ఐదేళ్ళ పిల్లాడికి రాసి ఉంటే ఆ నిబంధన ప్రకారం తప్పు లేదు, సీసాలో విషం మాత్రం అదే. సీసాలో ఏముందో డాక్టరు చూడలేడు, మందుల షాపువాడు చూడలేడు, చెంచాతో పట్టిన తల్లి అసలే చూడలేదు. మందులో కలిపే ద్రావకం డ్రమ్ము ఫ్యాక్టరీ గేటు లోపలికి వచ్చిన రోజు పరీక్షిస్తే అక్కడే దొరికేది. ఆ పరీక్ష చేసే అవకాశం, చేయాల్సిన బాధ్యత ఉన్నది ఆ గేటు లోపలివాళ్ళకే, వాళ్ళని తనిఖీ చేయాల్సిన అధికారులకే. ఇదే విషం 1972లో మద్రాసు ఎగ్మోర్ పిల్లల ఆసుపత్రిలో పిల్లల ప్రాణాలు తీసింది, 1986లో ముంబై జేజే ఆసుపత్రిలో రోగుల్ని చంపింది. ఐదు దశాబ్దాలకి పైగా అదే రసాయనం, అదే డ్రమ్ము, అదే చేయని పరీక్ష.

ఎవరు చివర్లో ముట్టుకున్నారో వాళ్ళని పట్టుకోవడం సులువు, ఎందుకంటే వాళ్ళు ఎదురుగా ఉంటారు. ప్రమాదాన్ని అందరికన్నా ముందు, అందరికన్నా తక్కువ ఖర్చుతో ఆపగలిగింది ఎవరు అన్నది నేను అడగమనే ప్రశ్న. గీజర్‌కి ఆ ప్రశ్న వేస్తే జవాబు బాత్రూంలో దొరకదు, డ్రాయింగ్ బోర్డు దగ్గర దొరుకుతుంది.

ఎలక్ట్రిక్ స్కూటర్ల విషయంలో మనం ఆ ప్రశ్న కాస్త ఆలస్యంగానైనా వేశాం. 2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో వేలూరులో తండ్రీకూతుళ్ళు, నిజామాబాద్‌లో ఒక పెద్దాయన, విజయవాడలో ముందు రోజే స్కూటర్ కొన్న ఒకాయన, ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీల వల్ల చనిపోయారు. అప్పుడూ మొదట వినిపించింది "రాత్రంతా ఛార్జింగ్ పెట్టడమేమిటి" అనే. పగలు ఉద్యోగానికి బండి వేసుకెళ్ళే మనిషి ఇంకెప్పుడు పెడతాడు? తర్వాత ఒకినావా 3,215, ప్యూర్ ఈవీ 2,000, ఓలా 1,441 స్కూటర్లని వెనక్కి పిలిచాయి. నిపుణుల కమిటీ వేసి, బ్యాటరీ ప్రమాణం ఏఐఎస్ 156ని బిగించి, 2022 డిసెంబరు నుంచి దశలవారీగా అమలుచేశారు. సెల్‌లో షార్ట్ సర్క్యూట్ అయినా మంట బయటికి పాకకుండా ప్యాకుని రూపొందించే భారం కంపెనీల మీద పడింది. జనానికి ఛార్జింగ్ క్లాసులు పెట్టి వదిలేయలేదు.

ఇక్కడ నా తోటి పీణ్యవాళ్ళ నుంచి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. వాళ్ళతో రోజూ టీ తాగుతాను. "పెద్ద కంపెనీలకి లాయర్లుంటారు సార్, మాలాంటి చిన్న షెడ్డువాళ్ళు ఒక్క దావాకి మూతపడతాం" అంటారు. అది ఉత్త మాట కాదు. ఆక్సిజన్ తగ్గితే గ్యాస్‌ని కట్టేసే ఆ సెన్సర్ పెడితే ధర పెరుగుతుంది, ధర పెరిగితే జనం పక్క షాపులో సెన్సర్ లేనిది కొంటారు, నిజాయితీగా చేసినవాడే నష్టపోతాడు. అందుకే దీన్ని ఒక్కో కంపెనీ మంచితనానికి వదలకూడదంటాను. ప్రమాణంలో అందరికీ తప్పనిసరి చేస్తే పక్క షాపులోనూ అదే ధర ఉంటుంది. చిన్నవాళ్ళకి పరీక్షల ఖర్చులో ప్రభుత్వం చేయూత ఇవ్వొచ్చు. చిన్న షెడ్డులో చేశాం కాబట్టి విషవాయువు కాస్త తక్కువగా వస్తుందని మాత్రం ఏ షెడ్డువాడూ అనలేడు.

మరి ఓనరుకి, వాడేవాళ్ళకి బాధ్యత లేదా? ఉంది. అట్ట తీసేయమని ఆ అమ్మాయిలకి నేనూ చెప్పాను, ఓనరుతో కరెంటు గీజర్ పెట్టించమని గొడవపడ్డాను. జాగ్రత్తలు చెప్పడం వేరు, జాగ్రత్త తప్పినవాడి మీదకి నేరాన్ని తోసి ఫైలు మూసేయడం వేరు. మొదటిదాన్ని సాకుగా చూపి రెండోది చేస్తున్నాం.

ఫైలు అంటే గుర్తొచ్చింది. ఇలాంటి మరణాల మీద పోలీసులు సాధారణంగా అసహజ మరణం కింద కేసు రాస్తారు, మరీ అయితే ఇంటి ఓనరు మీద నిర్లక్ష్యం కేసు. నేను చదివిన వార్తల్లో గీజర్ ఏ కంపెనీదో, ఏ మోడలో, ఏ ఏడాదిదో రాసినవి ఒక్కటీ కనబడలేదు. అమెరికాలో దాదాపు వంద ఆసుపత్రుల ఎమర్జెన్సీ వార్డుల నుంచి ఏ వస్తువు వల్ల ఎవరికి దెబ్బ తగిలిందో వాళ్ళ వినియోగదారుల భద్రతా కమిషన్‌కి నిరంతరం సమాచారం వెళ్తుంది. తన సరుకులో ప్రమాదకరమైన లోపం ఉందని తెలిసిన కంపెనీ 24 గంటల్లో ఆ కమిషన్‌కి చెప్పాలి. ఆ దేశంలో అంతా బాగుందని కాదు. కనీసం అక్కడ లెక్క అనేది ఒకటి ఉంది. ఒకే మోడల్ యెలహంకలో ఒకరిని, హొసకోటెలో ఒకరిని, తుమకూరులో ఒకరిని పడేస్తే అవి మూడు స్టేషన్లలో మూడు విడివిడి దురదృష్టాలుగా మిగిలిపోకూడదు.

మనకి అధికారం లేకపోలేదు. 2020లో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకి ప్రమాదకరమైన సరుకుని వెనక్కి పిలిపించే అధికారాన్ని చట్టంలోని 20వ సెక్షన్ ఇచ్చింది. ఆ సంస్థ దాన్ని వాడింది కూడా. తప్పనిసరి ప్రమాణాలు పాటించని ప్రెషర్ కుక్కర్లు అమ్మనిచ్చినందుకు 2022 ఆగస్టులో అమెజాన్‌కి లక్ష రూపాయల జరిమానా వేసి, అమ్ముడుపోయిన 2,265 కుక్కర్ల కొనుగోలుదారులకి తెలియజేసి, వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వమంది. ఫ్లిప్‌కార్ట్‌కి 598 కుక్కర్ల మీద అలాంటి ఆదేశమే వెళ్ళింది. మేం మధ్యవర్తులం మాత్రమే అన్న వాదన అక్కడ నిలవలేదు. ఆ కుక్కర్ల అమ్మకం మీద అమెజాన్‌కి వచ్చిన ఫీజే 6 లక్షల పైచిలుకు. తర్వాత ఆ ఆదేశాలు కోర్టుకెక్కాయనుకోండి, అది వేరే కథ. ఆన్‌లైన్‌లో కొంటే ఎవరు కొన్నారో కంపెనీ దగ్గర పేరూ నంబరూ ఉంటాయి. మూల మీది షాపులో బిల్లు లేకుండా కొన్న గీజర్‌ని ఎవరు వెనక్కి పిలుస్తారు, ఎవరిని పిలుస్తారు? అందుకే ఆ జీఎస్టీకి కక్కుర్తిపడి బిల్లు వద్దనొద్దు.

మా మూడో అంతస్తు వ్యవహారం ముందుకు సాగలేదు. ఆ అమ్మాయి వాళ్ళ నాన్నగారు ఒంగోలు నుంచి వచ్చి ఫిర్యాదు చేద్దామని నన్ను సాయం అడిగారు. అప్పటికే ఓనరు గీజర్‌ని విప్పించి పాతసామాన్లవాడికి వేసేశారు. బిల్లు లేదు, మోడల్ నంబరు లేదు, ఫొటో లేదు. వస్తువులో లోపం ఉందని తేల్చడానికి వినియోగదారుల కమిషన్ దాన్ని ల్యాబుకి పంపించగలదు, 38వ సెక్షన్ కింద. పంపడానికి వస్తువు ఉండాలిగా. ఎవరింట్లోనైనా, దేవుడి దయవల్ల ప్రాణం పోకుండా బయటపడ్డా సరే, ఇలాంటిది జరిగితే ముందు సిలిండర్ కట్టేసి, గీజర్ మీది ప్లేటు, స్టిక్కర్, బిగించిన చోటు, వెంటిలేటర్ అన్నిటినీ ఫొటోలు తీసి పెట్టండి. ఆసుపత్రి కాగితాల్లో కార్బన్ మోనాక్సైడ్ అన్న మాట ఉందో లేదో చూసుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. కమిషన్‌కి వెళ్ళడానికి రెండేళ్ళ గడువు ఉంది, కంగారు లేదు. విప్పడానికి ఓనరు పంపిన ప్లంబర్ని మాత్రం ఆ రోజుకి వెనక్కి పంపేయండి.